రెండు కొలతల సగటు

జూలై 7, సోమవారం, ఉదయం పదకొండుంబావు. తెనాలిలో ఆస్పత్రి మొదటి అంతస్తు, డాక్టరమ్మ గది. ఉన్నవారు: డాక్టరమ్మ, మా కోడలు లావణ్య, మా అబ్బాయి కిశోర్, నా భార్య సుశీల, నేను. లావణ్య తల్లి రమాదేవిగారు బాపట్ల నుంచి ఫోన్లో ఉన్నారు.

ఆనాటి డైరీ పేజీలో ఇంతవరకూ నా దస్తూరి ఎప్పటిలాగే ఉంది. ఆ కింద రెండు వాక్యాలు మాత్రం గీత దిగి వంకరగా పోయాయి. “గర్భసంచి మూతి పొడవు పందొమ్మిది మిల్లీమీటర్లు. కనీసం ఇరవై అయిదు ఉండాలట.”

గండం గడిచింది కాబట్టి ఇప్పుడు ఆ డైరీలు ముందు పెట్టుకుని ఇది రాయగలుగుతున్నాను. ఇలాంటి మాట ఏ ఇంట్లోనైనా వినపడవచ్చు. విన్నప్పుడు ఆ ఇంటి పెద్దవాడు నేను చేసినట్టు చేయకూడదు. అందుకే నేను చేసింది దాచకుండా రాస్తున్నాను.

రేపల్లె ప్రాంతంలో కాలువల మీద, లాకుల దగ్గర ముప్పై మూడేళ్లు ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజి మీద నీటిమట్టం రాయించడం, రాసింది నిజమో కాదో చూడటం నా పని. కాలువ దాకా రాకుండానే ఇంట్లో కూర్చుని నిన్నటి అంకెనే ఈరోజూ వేసేవాళ్లు ఉండేవారు. వాళ్లను పట్టుకోవడం నాకు బాగా అలవాటు. ఇంకొక మనిషిని పంపి మళ్లీ చూసి రమ్మనేవాణ్ణి. మొదటివాడు వేసిన అంకె మాత్రం ఆ రెండోవాడికి చెప్పేవాణ్ణి కాదు. రెండూ కలిస్తే సరే. కొంచెం తేడా ఉంటే సగటు వేసేవాళ్లం.

లావణ్య గర్భం దాల్చడం ఇది రెండోసారి. మొదటిది నిరుడు అయిదో నెలలోనే పోయింది. అందుకని ఈసారి ఇరవయ్యో వారంలో ఆ మూతిని ప్రత్యేకంగా కొలిపించారు డాక్టరమ్మ.

“నెలలు బాగా తక్కువుండగానే కానుపయ్యే ప్రమాదం ఉంది. అవుతుందని కాదండి, మిగతావాళ్లకంటే ఈ అమ్మాయికి అవకాశం ఎక్కువని. అందుకే ముందే చెబుతున్నాను,” అన్నారావిడ.

“ఎప్పుడు అవుతుందంటారు?” అని అడిగాను.

“తారీఖు చెప్పలేనండి.”

“తారీఖు చెప్పలేనప్పుడు ముందే తెలిసిందేంటండీ?”

కిశోర్ నా మోచేయి గిల్లాడు. డాక్టరమ్మ కోపగించుకోలేదు. రోజూ వాడే బిళ్లలు రాసిచ్చి, పది రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆవిడ కోపగించుకోకపోవడం కూడా నాకు అనుమానమే కలిగించింది. కింద స్కానింగు గది ముందున్న బోర్డు మీద ఇంటిపేరు, పైన డాక్టరమ్మ గది ముందున్న ఇంటిపేరు ఒకటే. మందుల షాపు ఆ రెండింటికీ మధ్య మెట్ల కింద ఉంది. భయపెట్టేదొకరు, కొలిచేదొకరు, మందిచ్చేదొకరు, అంతా ఒకే ఇంటివాళ్లు. రేపల్లెలో మా ఇంటికి తిరుగు రైల్లో కూర్చుని ఇదే రాసుకున్నాను. లావణ్య కిటికీ పక్కన కూర్చుని, రైలు కుదిపినప్పుడల్లా రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుంటోంది. అది కూడా రాశాను. అయితే ఆ రెండు వాక్యాల్లో ఏది ముఖ్యమో నాకప్పుడు తెలియలేదు.

జూలై 9. లావణ్యను కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుంటానని రమాదేవిగారు వచ్చి, చెరుకుపల్లి మీదుగా కారులో బాపట్ల తీసుకెళ్లారు. ఆవిడ ఇంట్లోనే చీరాల చీరలు అమ్ముతారు. బేరాల్లో నలిగిన మనిషి కాబట్టి నా మాట అర్థం చేసుకుంటారనుకున్నాను.

“చెల్లెమ్మా, అక్కడ వేరే చోట ఇంకో స్కానింగు తీయించండి. తెనాలి కాగితాలు మాత్రం చూపించొద్దు,” అన్నాను కారు డోరు పట్టుకుని.

“అదేంటన్నయ్యగారూ, చూపించకపోతే వాళ్లకు దేనికోసం చూడాలో ఎలా తెలుస్తుంది?”

“తెలియకూడదనే.”

“కాపీ కొడతారనా?”

“అదే అనుకోండి.”

“మీరు హెడ్మాస్టరు కావాల్సింది, పొరపాటున కాలువల్లో పడ్డారు,” అని నవ్వి కారు ఎక్కారు.

రెండో కొలత వచ్చేదాకా బిళ్లలు మొదలుపెట్టవద్దని తెనాలి నుంచి వచ్చిన రాత్రే చెప్పాను, ఇప్పుడు మళ్లీ చెప్పాను. లావణ్య ఆ మందుల పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని నావైపు కాదు, కిశోర్ వైపు చూసింది. “రెండు రోజులేగా. నాన్న ఉద్యోగమంతా కొలతలే కదా,” అన్నాడు వాడు.

జూలై 11. బాపట్ల రిపోర్టు ఫోన్లో పంపారు. బిడ్డ ఎదుగుదల బాగుంది, గుండె బాగుంది, ఆఖరి వరసలో మూతి పొడవు ముప్పై అయిదు. ఆ అంకె చూసి సుశీల దేవుడి గదిలోకి వెళ్లింది. నేను కాగితం తీసుకున్నాను. పందొమ్మిదీ ముప్పై అయిదూ యాభై నాలుగు. సగం ఇరవై ఏడు. ఇరవై అయిదు పైనే. “భయం లేదు” అని రాసి కింద గీత గీశాను. బిళ్లలు అక్కర్లేదని ఫోన్ చేసి చెప్పాను.

లావణ్య ఫోన్ తీసుకుంది. “మామయ్యగారూ, రెండిటికీ అంత తేడా ఎందుకొచ్చిందంటారు?”

“మనిషిని బట్టి తేడా వస్తుందమ్మా. అందుకే సగటు.”

“అది కాదండి. ఇక్కడ వేరేగా తీశారు...” అని ఆగిపోయింది.

నేనూ అడగలేదు. ఆడవాళ్ల పరీక్ష, కోడలితో మామగారు మాట్లాడే విషయం కాదనుకున్నాను. “సరేనమ్మా, జాగ్రత్త,” అని పెట్టేశాను. ఆ ఫోన్ నిమిషంన్నర కూడా లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను పదేపదే వెనక్కి వెళ్లేది ఆ నిమిషంన్నర దగ్గరికే.

జూలై 16 సాయంత్రం లావణ్యకు పొత్తికడుపులో బరువుగా ఉందన్నారు. ఎండ వేడికని మజ్జిగ తాగమన్నారట పక్కింటివాళ్లు. ఒకరోజు చూశారు. మర్నాడు రాత్రి భోజనాల దగ్గర లావణ్య కంచం పక్కకు నెట్టి, “నన్ను తెనాలి తీసుకెళ్లమ్మా, ఎవరినీ అడక్కు,” అందట.

జూలై 18, శుక్రవారం. తెనాలి, అదే గది. ఉన్నవారు: డాక్టరమ్మ, లావణ్య, రమాదేవిగారు, సుశీల, నేను. కిశోర్ అడవులదీవి వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిమీద ఉన్నాడు, బయలుదేరాడు.

డాక్టరమ్మ బాపట్ల రిపోర్టు తిప్పి చూసి, “ఇది పొట్ట మీద నుంచి తీసిందండి,” అన్నారు. “నిండా నీళ్లు తాగించారా?”

“నాలుగు గ్లాసులు,” అన్నారు రమాదేవిగారు.

“మూత్రపు సంచి నిండితే ఆ ఒత్తిడికి మూతి ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు బిడ్డ కోసం చూశారు. మూతి కోసమైతే మేం చేసినట్టు లోపలి నుంచే చూడాలి. మా కాగితం చూపించి ఉంటే వాళ్లూ అలాగే చేసేవాళ్లు. రెండిటికీ పొంతన లేదు.”

“ఈయన సగటు తీశారండి,” అన్నారు రమాదేవిగారు.

“ఏం తీశారు?”

“సగటు. రెండూ కూడి సగం చేశారు. బిళ్లలు మానిపించారు.”

డాక్టరమ్మ నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. ఒక్కో గేజికి సున్నా ఒక్కోచోట ఉంటుంది. సున్నాలు వేరైన రెండు గేజీల అంకెలు కూడకూడదని కొత్తగా చేరినవాడికి మొదటి వారంలోనే నేర్పుతాం. ఎవరైనా ఆ పని చేసి ఉంటే మెమో ఇచ్చేవాణ్ణి. ఎలా కొలిచారని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగటానికి నాకు సిగ్గు. చెప్పటానికి ఆ పిల్లకు సిగ్గు. తెనాలిలో ఎలా కొలిచారో సుశీలకు మొదటి రోజు నుంచీ తెలుసు, నా ముందు ఎలా అనాలో తెలియక ఊరుకుంది.

ఆ రోజు కొలత పదకొండు.

మూతికి కుట్టు వేయాలన్నారు, ఈరోజే. కుట్టు వేసినా నిలుస్తుందని హామీ లేదన్నారు. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? “ఇంకెవరినైనా ఒకసారి అడిగితే...” అన్నాను. మాట నోట్లోంచి బయటికి వచ్చాక నాకే వినపడింది.

లావణ్య పరీక్ష బల్ల మీద పడుకునే ఉంది. తెర అవతల నుంచి, “డాక్టరుగారూ, నా సంతకం చాలా?” అంది.

“మీదే కావాలమ్మా.”

“అయితే కాగితం ఇటివ్వండి. మామయ్యగారూ, ఈసారి సగటు తీయకండి.”

గొంతు పెంచలేదు. బస్సు దిగేటప్పుడు సంచీ అందించండి అన్నంత మామూలుగా అంది. సుశీల నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

కుట్టు పడ్డాక లావణ్య రేపల్లె రానంది. బాపట్లలో తల్లి దగ్గరే ఉంటానంది. కిశోర్ సెలవు దొరికినప్పుడల్లా అక్కడికే వెళ్లేవాడు. ఇంట్లో సుశీలా నేనూ. మూతి అలా తగ్గడానికి కారణం ఏమై ఉంటుందోనని ఆ వారం నా అనుమానాలన్నీ వరసగా రాశాను: రైలు కుదుపులు, చెరుకుపల్లి రోడ్డు గతుకులు, ఆస్పత్రి మెట్లు, వంటింట్లో నిలబడటం, సుశీల పంపిన ఆవకాయ, నిరుడు తీసిన దిష్టి సరిగ్గా తీయలేదేమోనన్నది కూడా. సుశీల చదివి, “మీ పేరేదండీ?” అని అడిగింది. ఏడో వరసలో నా పేరు రాశాను. ఆవిడ పప్పులో పోపు వేయడానికి వెళ్లింది.

తర్వాత ఒకరోజు డాక్టరమ్మను ఒంటరిగా అడిగాను. “ఆ పదకొండు రోజులూ బిళ్లలు వాడి ఉంటే తగ్గేది కాదా?”

“చెప్పలేనండి. వాడినా తగ్గి ఉండొచ్చు. తగ్గకుండానూ ఉండొచ్చు.”

నా ముసలితనం చూసి మంచిమాట చెప్పారని ఇప్పటికీ అనుమానం.

ఆగస్టు, సెప్టెంబరు. తెనాలి పరీక్షలు సోమవారాల్లో. నేను రేపల్లెలో మొదటి బస్సుకు బయలుదేరి బాపట్ల వెళ్లి, అక్కడి నుంచి వాళ్లతో కారులో తెనాలి వెళ్లేవాణ్ణి. రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని కూడా అనలేదు. ముందు సీట్లో కూర్చుని గతుకు కనిపించినప్పుడల్లా డ్రైవరుకు చేయి చూపించేవాణ్ణి. “నాకూ కళ్లున్నాయండి పెద్దాయనా,” అని అతను మూడో వారానికి విసుక్కున్నాడు. లావణ్య నాతో అవసరమైనంతే మాట్లాడేది. మందులు వేసుకున్నావా అంటే, “వేసుకున్నానండి.” నొప్పి ఉందా అంటే, “లేదండి.” నిజమో కాదో తెలిసేది కాదు. నమ్మకం పోగొట్టుకున్నవాడికి నిజం ఎవరు చెబుతారు?

ఆగస్టు 4కు ఇరవై నాలుగు వారాలు. ఇక్కణ్ణుంచి పుడితే బతికించడానికి ప్రయత్నమైనా చేయవచ్చన్నారు డాక్టరమ్మ. ఆ “అయినా” అనే మాట నేను నిద్రలో కూడా విన్నాను.

వెయిటింగు హాల్లో బెంచీలు తక్కువ. ఒక సోమవారం అడవులదీవి నుంచి ఒకావిడ మనవరాలిని తీసుకుని వచ్చింది. చేపల వ్యాపారం చేసే మనిషి, నా వయసే ఉంటుంది.

“ఏంటన్నయ్యా, వచ్చినకాడి నుంచీ రాస్తానే ఉన్నావు?”

“ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారో రాస్తున్నానమ్మా. వరస తప్పిస్తారు.”

“తప్పిస్తే తప్పించారు, ఇంటికైతే పంపరుగా. ఆ పుస్తకం అవతల పెట్టి లెగు. పిల్లని కాళ్లు చాపుకోనియ్యి.”

నన్ను లేపి, తన సంచీ నేల మీద పెట్టి, లావణ్యను ఆ బెంచీ మీద పడుకోబెట్టింది. తలకింద తన తువ్వాలు మడిచి పెట్టింది. తర్వాత కింద కూర్చుని ఎవరితోనో అన్నట్టు చెప్పింది. “నాకు మొదటి ఇద్దరూ ఏడో నెలకే పుట్టి పోయారు. అప్పుడు ఇట్టా కొలిచి చెప్పేవాళ్లెవరు? ముందే తెలిస్తే భయంతోనే చచ్చేదాన్నని అనుకునేదాన్ని. ఇప్పుడనిపిస్తది, భయపడితే పడేదాన్ని. తెలిసుంటే బాగుండేది.”

కాసేపటికి లావణ్య కళ్లు తెరవకుండానే, “మామయ్యగారూ, నా నంబరెంత?” అంది.

“ఎనిమిది. ఇప్పుడు ఆరు లోపలుంది.”

“నిద్రపోతే లేపండి.”

నిద్రపోయింది. నేను బెంచీ పక్కన నిలబడ్డాను.

సెప్టెంబరు 15. ముప్పయ్యో వారం. పొట్ట బిగుసుకుంటోందని రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికని తల్లికి ఇంజెక్షన్లు ఇచ్చారు. సూది ఇచ్చేది తల్లికైతే పని చేసేది బిడ్డకెలాగని నర్సును అడగబోయి, ఆగి, “ఇది ఎందుకమ్మా, కొంచెం అర్థమయ్యేటట్టు చెప్పు,” అన్నాను. ఆ అమ్మాయి వేళ్లు మడుస్తూ చెప్పింది. అర్థమైంది. ఇంత సులువుగా అడగవచ్చని జూలైలో ఎందుకు తోచలేదో! పెద్దవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. అనుమానించండి, కానీ ఆ అనుమానం అడగవలసినవాళ్లనే అడగండి. కొలతను ఎలా తీశారో అడగండి. సిగ్గుపడే మాటైనా సరే, ఇంట్లో ఆడపిల్ల ప్రాణం కంటే ఆ సిగ్గు పెద్దది కాదు.

బిగుతు తగ్గింది. ఇంటికి పంపారు. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ముప్పై మూడు. ఒక్కో సోమవారం ఒక్కో మెట్టులా ఎక్కాం.

అక్టోబరు 13, సోమవారం, ముప్పై నాలుగు వారాలు. తెనాలి బయలుదేరుతుండగా బాపట్ల ఇంటి వాకిట్లోనే ఉమ్మనీరు పోయింది. దారి పొడుగునా రమాదేవిగారు కూతురి తల ఒళ్లో పెట్టుకున్నారు. నేను ముందు సీట్లో ఉన్నాను, చేయి చూపించలేదు. బిడ్డ అడ్డంగా ఉందని కుట్టు తీసి ఆపరేషన్ చేశారు. మధ్యాహ్నం రెండుంబావుకు ఆడపిల్ల. కిలో తొమ్మిదివందల యాభై గ్రాములు. ఏడ్చింది. ఏడుపు తలుపు అవతల నుంచి విన్నాను. అది మా పాపదేనా అని నర్సును అడిగాను. “ఈ గంటలో ఒక్కటే కానుపు తాతయ్యగారూ,” అంది.

అక్టోబరు 14, మంగళవారం ఉదయం. లావణ్యకు తెల్లవారుజామున చలిజ్వరం వచ్చింది, తగ్గుముఖం పట్టింది. సుశీల రేపల్లె నుంచి జావ తీసుకుని రైల్లో వస్తోంది. ఎనిమిదింటికి నర్సు గదిలోకి వచ్చి, పాప బాగానే ఉందని, గంటసేపు ఎవరైనా ఒళ్లు ఒళ్లుకు ఆనేలా గుండె మీద పడుకోబెట్టుకోవాలని, తల్లికి జ్వరం కాబట్టి ఇంట్లో ఇంకెవరైనా రావాలని చెప్పింది. కిశోర్ లేచాడు. వాడికి జలుబు, దగ్గు. వద్దంది.

“వెచ్చగా ఉంచే పెట్టె ఉందిగా?” అన్నాను.

“పెట్టెకంటే మనిషి మేలండి.”

“నేనొస్తా పద,” అని రమాదేవిగారు చెంగు దోపుకున్నారు.

“నువ్వొద్దమ్మా,” అంది లావణ్య. “పది నిమిషాలకోసారి ఫోనొస్తుంది, లేస్తావు. మామయ్యగారికి ఇవ్వండి. గంటంటే గంట కదలకుండా కూర్చుంటారు.”

“మగాళ్లు పనికొస్తారా ఏంటి?” అన్నారు రమాదేవిగారు.

“వస్తారండి, ఒళ్లు వెచ్చగా ఉంటే చాలు,” అంది నర్సు.

నేను లావణ్య వైపు చూశాను. ఆమె నావైపే చూస్తోంది. జ్వరంతో కళ్లు ఎర్రగా ఉన్నాయి. “వెళ్లండి మామయ్యగారూ,” అంది.

మోచేతుల దాకా రెండుసార్లు సబ్బుతో కడిగించారు. చొక్కా, బనీను తీయించారు. వెనక్కి వాలిన కుర్చీలో కూర్చోబెట్టి, పాపను డైపరుతో, టోపీతో తెచ్చి నా ఛాతీ మీద బోర్లా పెట్టి, పైన గుడ్డ కట్టారు. పాదం నా బొటనవేలంత ఉంది. ఊపిరి తీస్తుంది, తీస్తుంది, కాసేపు ఆపుతుంది. నర్సును పిలిచాను. చంటిపిల్లలు అంతేనని, మిషను చూస్తూనే ఉందని చెప్పింది. నమ్మలేదు. నేనే లెక్కపెట్టాను. వందా, రెండు వందలు. మళ్లీ మొదటి నుంచి. ఎక్కడో లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు. చెంప నా ఎముకకు ఆనించి నిద్రపోతోంది. వెచ్చగా, కొంచెం తడిగా ఉంది.

నర్సు వచ్చి గుడ్డ ముడి మీద చేయి వేసింది. “గంటయిందండి, ఇవ్వండి.”

“ఆ గోడ గడియారం ఫాస్టుగా తిరుగుతున్నట్టుంది,” అన్నాను. “ఒకసారి చూడమ్మా.”